ఎపిసోడ్ 41: డబ్బా మాంసం, దండెం మీద మాంసం

వదిన: అందరికీ నమస్కారం. ఇక్కడ హవాయిలో, హోనొలులులో శనివారం సాయంత్రం ఆరు. చిన్నాకి అప్పుడే ఆదివారం వచ్చేసింది.

చిన్నా: మధ్యాహ్నం ఒంటిగంట. కొరియాలో, మా సువాన్‌లో ఎండ బాగుంది. వదినా, ముందు నీలం గరిటె సంగతి చెప్పేయండి. అందరూ దాని గురించే అడుగుతున్నారు.

వదిన: దొరికింది. ఎక్కడ దొరికిందో చెప్పనని మీ అన్నయ్యకి మాటిచ్చాను.

[నవ్వులు]

చిన్నా: సరే, వచ్చేద్దాం. ఈ వారం డబ్బా మాంసం. స్పామ్, అంటే డబ్బాలో అమ్మే పంది మాంసం ముద్ద. దాంతో వారం రోజులకు ఐదు వంటలు చెప్తామని పోయిన ఎపిసోడ్‌లో అన్నాం.

వదిన: ఐదూ రాసిపెట్టుకున్నా. ముసుబితో మొదలుపెడతా. అన్నం ముద్ద మీద స్పామ్ ముక్క పెట్టి చుట్టేది. ఈ ఊళ్లో అది మనకి ఇడ్లీ లాంటిది. పొద్దున్నే పెట్రోలు బంకులో, సెవెన్ ఎలెవెన్ కొట్లో వేడి పెట్టెలో పెట్టి అమ్ముతారు. పిల్లలు బడికి తీసుకెళ్తారు. మెక్‌డొనాల్డ్స్‌లో కూడా ఇక్కడ అన్నం, గుడ్డు, స్పామ్ పెడతారు.

చిన్నా: మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు అది చూసి ఫొటో తీసి అమ్మకి పంపాను.

వదిన: అత్తయ్య పెద్దపండక్కి వచ్చినప్పుడు తను పంది మాంసం తినదు కాబట్టి గుడ్డు అట్టుతో ముసుబి చేసిపెట్టాను. మూడు తిన్నది. అత్తయ్యా, వింటున్నారు కదా, మళ్లీ రండి. ఇప్పుడు చేసే తీరు చెప్తా. మూత రింగు లాగాక డబ్బా అంచు బ్లేడులా ఉంటుంది, వేలు జాగ్రత్త. డబ్బా బోర్లించి అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే ముద్ద మొత్తం జారి పళ్లెంలో పడుతుంది. ఎనిమిది ముక్కలు కోయండి. పెనం మీద నూనె వద్దు, దాని కొవ్వే చాలు. అంచులు ముదురు రంగుకొచ్చేదాకా రెండు వైపులా కాల్చి, అప్పుడు చెంచా సోయా సాస్, చెంచా పంచదార. అది నిమిషంలో పాకంలా పట్టుకుంటుంది. మంట తగ్గించకపోతే మాడిపోతుంది.

చిన్నా: డబ్బా పారేయొద్దని చెప్పండి.

వదిన: అదే చెప్పబోతున్నా. ఆ డబ్బానే అచ్చు. శుభ్రంగా కడిగి, లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి, రెండు వేళ్ల మందాన జిగురన్నం నొక్కి పెట్టాలి. కాగితం పట్టుకుని పైకి లాగితే అన్నం ఇటుకలా వస్తుంది, సరిగ్గా మాంసం ముక్క కొలతకి. దాని మీద ముక్క పెట్టి, చుట్టూ నోరి పట్టీ. నోరి అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. మా ఇంట్లో ఆ డబ్బాలు నాలుగున్నాయి, ఒకదాంట్లో కరివేపాకు మొలక కూడా ఉంది.

చిన్నా: వదినా, ఇక్కడే ఒక మాట. చుసోక్‌కి, అంటే కొరియావాళ్ల పెద్ద పండక్కి, మా ఆఫీసులో స్పామ్ పెట్టె ఇచ్చారు. తొమ్మిది డబ్బాలు, చక్కగా అమర్చిన పెట్టె, మోసుకెళ్లడానికి సంచి. మనం దీపావళికి స్వీట్ బాక్సు ఇచ్చినట్టు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నా. మా గుంటూరు మాంసం పచ్చడిని ఇలా ఎవరైనా పెట్టెలో పెట్టి గౌరవంగా ఇచ్చారా అని.

వదిన: పచ్చడి వచ్చేసింది. ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు.

చిన్నా: వస్తుంది మరి. డబ్బా మాంసం అంటే మనకి లేనిది అనుకుంటారు. నిల్వ పచ్చడి ఏంటి? ముక్కలో తేమ పోయేదాకా వేయించి, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి, పైన నూనె తేలేలా పోస్తాం. గాలి తగలదు, నీళ్లు లేవు, ఉప్పుంది, పులుపుంది. పురుగు ఎలా బతుకుతుంది? డబ్బాలో అదే పని వేడితో చేస్తారు. ముందు సీలు వేసి, డబ్బాతో సహా ఉడికిస్తారు. ప్రెషర్ పెట్టి నీళ్లు మరిగే వేడికంటే పైకి, 121 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. బొటులిజం అనే ప్రాణం తీసే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు వంద డిగ్రీలకి చావవు, అందుకు.

వదిన: మన ప్రెషర్ కుక్కర్ లెక్కే.

చిన్నా: అంతే. ఈ ఉపాయం మొదట కనిపెట్టినాయన నికొలా అప్పేర్, ఫ్రాన్సులో మిఠాయి వంటవాడు. ఆయన గాజు సీసాల్లో చేశాడు. సైన్యానికి పాడవని తిండి కావాలని ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. 1810లో పుస్తకం వేశాడు. సూక్ష్మజీవుల వల్ల తిండి పాడవుతుందని పాశ్చర్ చెప్పడానికి యాభై ఏళ్ల ముందు సంగతి ఇది. ఎందుకు పాడవదో ఆయనకి తెలియదు, చేతికి తెలుసు. మా అమ్మమ్మకి తెలిసినట్టు.

వదిన: అది మాత్రం నిజం. సరే, రెండో వంట. చిన్న చిన్న ముక్కలు కోసి...

చిన్నా: ఒక్క నిమిషం వదినా. నేను దీని గురించి మాట్లాడాలనే ఈ ఎపిసోడ్ అడిగాను. పోయిన నెల ఉయిజంగ్‌బు వెళ్లొచ్చా. సోల్ దాటి ఉత్తరాన. అక్కడ బుదే జిగే వీధి ఉంది, వరసగా అవే హోటళ్లు. బుదే అంటే సైనిక దళం, జిగే అంటే పులుసు లాంటి కూర. పళ్లెంలో కిమ్చి, అంటే పులిసిన క్యాబేజీ పచ్చడి, కారం ముద్ద, స్పామ్, సాసేజి, తీపి చిక్కుడు గింజలు, పైన నూడుల్స్, చీజ్ ముక్క. మన ముందే పొయ్యి మీద కుతకుతా ఉడుకుతుంది.

వదిన: నువ్వు పంపిన వీడియో చూశా. ఆ పులుపు, కారం చూస్తే నోరూరింది.

చిన్నా: రుచి సంగతి సరే. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒక్కడే తింటున్నాడు. నాతో వచ్చిన కొలీగ్‌తో మాటలు కలిశాయి. కొరియా యుద్ధం అయ్యాక తనకి ఏడెనిమిదేళ్లట. అమెరికా సైనికుల క్యాంపు నుంచి వచ్చిన మిగులు, అంటే వాళ్ల పళ్లాల్లో వదిలేసింది, పెద్ద గిన్నెలో ఉడికించి అమ్మేవాళ్లట. దాన్ని పందుల గంజి అనేవాళ్లు. ఒకసారి తన గిన్నెలో సిగరెట్ పీక వచ్చిందని చెప్పాడు. దాన్ని తీసి పక్కన పెట్టి మిగతాది తాగేశానన్నాడు. చెప్తూ నవ్వాడు, తర్వాత నా గిన్నెలో ఇంకో గరిటె వేశాడు. నాకు ముద్ద దిగలేదు.

వదిన: ...

చిన్నా: అప్పటినుంచీ ఇదే ఆలోచన. వాళ్ల ఆకలిలోంచి వచ్చిన తిండిని నేను ఆదివారం సరదాగా వీడియో తీసుకుంటూ తినడం సరైనదేనా?

వదిన: ఆయన నీకు వడ్డించాడా లేదా?

చిన్నా: వడ్డించాడు.

వదిన: మరి ఆయనకి లేని బాధ నీకెందుకు?

చిన్నా: ఆయనకి లేదని మీకెలా తెలుసు? నవ్వాడు కాబట్టి లేదనా?

వదిన: అలా అనలేదు. కానీ చిన్నా, నువ్వు ఆ తిండిని ఆ గిన్నెలోనే ఆపేస్తున్నావు. ఆయన ఆపలేదు. ఇప్పుడు ఆయన దగ్గర డబ్బులున్నాయి, ఊళ్లో గొడ్డు మాంసం, చేపలు అన్నీ దొరుకుతాయి. ఐనా బస్సెక్కి వచ్చి అదే తింటున్నాడంటే ఆకలేసి కాదు, ఇష్టమై. ఈ ద్వీపాల సంగతీ అదే. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి అయ్యాక ఇక్కడి జపాన్ సంతతి జాలర్ల పడవలు పట్టేసుకున్నారు, సముద్రంలోకి వెళ్లనివ్వలేదు. చుట్టూ సముద్రం, తినడానికి చేప లేదు. సైన్యం వెంట డబ్బాలు వచ్చాయి. చెరకు తోటల్లో పనిచేసినవాళ్లు ముందు నుంచీ డబ్బా తిండి తిన్నారు. కానీ ఆ ఇబ్బంది పోయి ఎన్నేళ్లయింది? ఈ రాష్ట్రంలో ఏడాదికి 70 లక్షల డబ్బాలు తింటారు. మా ఊరి వైకీకీ పేటలో ఏటా దానికి జాతర చేస్తారు, వీధి మొత్తం ఆపేసి.

చిన్నా: జాతర చేసినంత మాత్రాన సరిపోతుందా? కంపెనీ అమ్ముకుంటుంది, జనం మర్చిపోతారు.

వదిన: మర్చిపోతే ఉయిజంగ్‌బులో ఆయన నీకు చెప్పేవాడా? తింటున్నాడు కాబట్టే చెప్పాడు. ఆ గిన్నె లేకపోతే ఆ మాట కూడా ఉండేది కాదు.

చిన్నా: మీరు ఎప్పుడూ తిండి పక్షమే. ఎపిసోడ్ పన్నెండులోనూ ఇంతే.

వదిన: ఆ పన్నెండు జోలికి పోకు. నాకు ఇంకా కోపం ఉంది.

[కాసేపు మౌనం]

వదిన: నేను ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్తా విను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, దసరాకి యాట కోస్తే మాంసం మిగిలేది. అప్పుడు ఫ్రిజ్ ఎక్కడిది? నాయనమ్మ సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు రాసి, దండెం మీద ఆరేసేది. బట్టలు ఆరేసినట్టే. ఒరుగులు. కాకులు రాకుండా నేను కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చునేదాన్ని. మూడు నాలుగు రోజుల ఎండకి కట్టెల్లా అయ్యేవి. కుండలో పెట్టి దాచేది.

చిన్నా: ఇది నాకెప్పుడూ చెప్పలేదు మీరు.

వదిన: చెప్పలేదు. ఏడో తరగతిలో బడి నుంచి ఒక స్నేహితురాలు ఇంటికొచ్చింది. వాకిట్లో దండెం చూసి ముక్కు మూసుకుంది. ఒక్క మాట అనలేదు, ముక్కు మూసుకుంది అంతే. నేను లోపలికి పరిగెత్తి నాయనమ్మ మీద అరిచాను. అవన్నీ తీసెయ్ అన్నాను. నాయనమ్మ ఏమీ అనకుండా ఒక్కొక్కటే తీసి చాటలో వేసుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. ఆ తర్వాత ఎప్పుడు ఆరేసినా పెరట్లోనే, వాకిట్లో ఎండ బాగా పడుతుందని తెలిసి కూడా.

చిన్నా: వదినా...

వదిన: ఇప్పుడు ఇక్కడ మా పక్కింటి పెద్దావిడ తన గేటు దగ్గర బల్ల వేసుకుని, అందరికీ కనపడేలా ముసుబి చుట్టి పిల్లలకి ఇస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మా నాయనమ్మ ఆ దండెం వాకిట్లోనే ఉంచుకోవాల్సింది. నువ్వు తినడం సరైనదేనా అని అడిగావు చూడు, నాకు ఆ ముక్కు మూసుకున్న అమ్మాయి గుర్తొచ్చింది. నువ్వు అలాంటివాడివి కాదని తెలుసు. జాలితో ఆపినా అసహ్యంతో ఆపినా, ఆ గిన్నె పెరట్లోకే పోతుంది.

చిన్నా: అలా నేను ఆలోచించలేదు. ఆ ఒరుగులు ఎలా వండేది?

వదిన: ముందు నిప్పుల మీద కాల్చేది. ఆ వాసన ఇల్లంతా పట్టేది. తర్వాత రోట్లో నలగ్గొట్టి, నీళ్లలో నానేసి, దోసకాయ, చింతపండు పులుసు వేసి వండేది. జొన్న రొట్టెతో.

చిన్నా: మా పచ్చడికి తోడబుట్టినట్టే ఉంది.

వదిన: పచ్చడికి పెద్దక్క.

చిన్నా: ఒప్పుకుంటా. మీకు చెప్పలేదు కానీ, పోయినసారి అమ్మ పెట్టిన పచ్చడి సీసా ఇక్కడ విమానం దిగగానే తనిఖీవాళ్లకి నేనే చెప్పి ఇచ్చేశాను. పశువుల రోగాల భయంతో మాంసం ఏ రూపంలో ఉన్నా రానివ్వరు, మీ దగ్గరా అంతే. వాళ్ల తప్పేం లేదు. కానీ సీసా వాళ్ల చెత్తడబ్బాలో పడుతుంటే నూనె తొణికి కరివేపాకు కనిపించింది. అమ్మ ఆ ముక్కలు వేయించడానికి సగం రోజు పొయ్యి దగ్గర నిలబడింది.

వదిన: అత్తయ్యకి చెప్పావా?

చిన్నా: ఇప్పుడు చెప్పినట్టే. అమ్మా, సారీ.

వదిన: సరే, టైము చూడు. రెండో వంట: సన్న ముక్కలు కరకరలాడేలా వేయించి, రాత్రి మిగిలిన అన్నం, గుడ్డు, ఉల్లికాడ, మిరియాలు. ఉప్పు వేయొద్దు. మూడోది మన పద్ధతి: ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేపుడు, చివర్లో ముక్కలు. అల్లం వెల్లుల్లి కొంచెమే. నాలుగు, ఐదు ఇంకోసారి.

చిన్నా: ఉప్పు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 56 గ్రాముల స్పామ్‌లో 790 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 2,000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక ముసుబి ముక్కతోనే సుమారు 600 అయిపోతుంది. పైగా 2015లో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం నిల్వ మాంసాలని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో, అంటే గట్టి ఆధారాలున్నవాటిలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క.

వదిన: అందుకే మా ఇంట్లో వారానికి రెండుసార్లే, ఉప్పు తక్కువ రకమే. మీ అన్నయ్యకి బీపీ వచ్చాక ఒక్క ముక్కే. నేను ఇడ్లీ లాంటిది అన్నది రోజూ తినమని కాదు. చుట్టాలొస్తే దాచేది కాదు అని.

చిన్నా: ఆఫీసులో ఇచ్చిన స్పామ్ పెట్టెలో ఒక డబ్బా తీసి చేతిలో పెట్టుకునే మాట్లాడుతున్నా ఇంతసేపూ. మన దోసకాయ ఇక్కడ దొరకదు. ఒరుగుల బదులు స్పామ్ వేసి, కీరాతో మీ నాయనమ్మ పులుసు కుదురుతుందా?

వదిన: కీరా నీరైపోతుంది. సొరకాయ ఉందా?

చిన్నా: గుమ్మడికాయ ముక్క ఉంది, పచ్చిది. ఇక్కడ పిలిచేది ఏహోబాక్ అని.

వదిన: అది చాలు. ముక్కలు ముందు కాల్చు, అంచులు నల్లబడేదాకా. చింతపండు నానేశావా?

చిన్నా: ఇప్పుడు వేస్తున్నా. ఫోన్ పొయ్యి పక్కన పెడుతున్నా, లైన్లోనే ఉండండి.

వదిన: మూత అంచు జాగ్రత్త.

[రింగు లాగిన చప్పుడు. రికార్డింగ్ ఇక్కడ ఆగింది.]