పాడకుండా నంబర్ వన్ అయిన పాట

తమ్ముడు: నమస్తే, నల్లకుంట నుంచి అక్కాతమ్ముళ్లం. ఈ వారం ఆల్బమ్ టెలీ సవాలాస్‌ది. 1974లో వచ్చింది, పేరు కూడా ‘టెలీ’నే.

అక్క: అమెరికా టీవీలో వచ్చిన కోజాక్ సీరియల్‌లో గుండు డిటెక్టివ్, నోట్లో లాలీపాప్ పెట్టుకుని తిరుగుతాడు, ఆయనేనా?

తమ్ముడు: ఆయనే అక్కా. 1973లో సీరియల్ మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఈ ఎల్పీ. చాలావరకు వేరేవాళ్ల పాటలే.

అక్క: సీరియల్ హిట్టయితే నటుడి చేత రికార్డు చేయించేవాళ్లు కదా అప్పట్లో. స్టార్ ట్రెక్ కెప్టెన్ విలియం షాట్నర్ 1968లోనే చేశాడు.

తమ్ముడు: షాట్నర్ బీటిల్స్ పాటని నాటకం డైలాగులా దంచేశాడు. సవాలాస్ దారి వేరు. ఇందులో ‘ఇఫ్’ వినాలి. బ్రెడ్ అనే సంగీత బృందం కోసం డేవిడ్ గేట్స్ రాసి పాడిన పాట, 1971 నాటిది. గేట్స్ సన్నటి గొంతుతో మెత్తగా పాడతాడు. ఈయన పాడడు, చెప్తాడు. సంగీతం తన దారిన తాను పోతుంటే లైను ఎత్తుకోవడానికి ఏమాత్రం తొందరపడడు. మైకుకి బాగా దగ్గరగా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. లోకం తిరగడం ఆగిపోతే ఆఖరి క్షణాలు నీతోనే అనే మాట ఉంటుంది చూడు, వేరే ఎవరైనా అక్కడ గొంతెత్తి పిండేస్తారు. ఈయన మామూలుగా అనేసి ఊరుకుంటాడు. నాకు అక్కడే గుండె పట్టేసింది.

అక్క: పాడటం రానివాడికి ఆల్బమ్ ఎందుకు అంటారు కదరా.

తమ్ముడు: మన హైదరాబాద్ ముషాయిరాల్లో, అంటే ఉర్దూ కవి సమ్మేళనాల్లో, కొందరు షాయర్లు తరన్నుమ్‌లో, అంటే రాగం కట్టి పాడతారు, కొందరు తహత్‌లో, అంటే రాగం లేకుండా చదువుతారు. తహత్‌లో చదివినాయన్ని నీకు పాడటం రాదా అని ఎవరైనా అడుగుతారా? షేర్ (రెండు పాదాల కవిత) బాగా చదివితే వాహ్‌వా అనే అంటారు.

అక్క: అవును. ఘంటసాల గారి భగవద్గీతలో కూడా శ్లోకం పాడి, తాత్పర్యం మామూలుగా చెప్తారు. అమ్మకు నోటికి వచ్చింది ఆ తాత్పర్యమే.

తమ్ముడు: పైగా సవాలాస్ నటుడు కాకముందు అమెరికా ప్రసార సంస్థ ఏబీసీలో పనిచేశాడు, రేడియో అనుభవం ఉన్న మనిషి. నటనలోకి వచ్చేసరికి ముప్పై అయిదు దాటాయి. మైకు ముందు ఎంత తగ్గి మాట్లాడాలో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అక్క: జనం కూడా ఆదరించారు మరి. ఈయన ‘ఇఫ్’ 1975 మార్చిలో బ్రిటన్‌లో రెండు వారాలు నంబర్ వన్. బ్రెడ్ వాళ్ల ఒరిజినల్ అక్కడ ఆ స్థాయికి రానేలేదు.

తమ్ముడు: అయినా ఆల్బమ్‌ని మర్చిపోయారు, అదే నా బాధ. వినేవాళ్లకు ఒక్క మాట. ముందు గేట్స్‌ది వినండి, వెంటనే ఈయనది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ట్రాఫిక్‌లో కాకుండా ఇంట్లో.

అక్క: వచ్చే వారం నా వంతు. తన పాటలు తానే పాడుకున్న భానుమతి గారి గురించి మాట్లాడదాం.