ముందు నీళ్లు, తర్వాతే చేపలు

శ్రోతలకు నమస్కారం. డాబా మీద ఒక తొట్టె, అందులో చేపలు, ఆ నీళ్లతోనే పెరిగే ఆకుకూరలు. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నారు. మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, "చేపపిల్లలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని. దొరుకుతాయి. కానీ ముందు నీళ్లు, తర్వాతే చేపలు.

హైదరాబాద్‌లో మా పక్కింటి వదినగారి సంగతి చెబుతాను. 500 లీటర్ల తొట్టె, దాని పైన గులకరాళ్లు నింపిన మడి. కుళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేదాకా ఎయిర్ పంపు పెట్టి రెండు రోజులు వదిలేశారు. తర్వాత తొట్టె నీళ్లు మడిలోకి ఎక్కించే మోటారు వేశారు. చేపలు మాత్రం తేలేదు. రోజూ పొద్దున్నే చిటికెడు చేపల మేత నీళ్లలో వేసేవారు. వాళ్ల అత్తగారు చూసి, "చేపలే లేవు కదమ్మా, మేత ఎవరికి?" అన్నారు.

ఆ మేత బ్యాక్టీరియా కోసం. మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. రేపు చేపలు వదిలేదీ అదే, చేపలకు విషమూ అదే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. అప్పుడది మొక్కకు ఎరువు. ఈ రెండు రకాలూ గులకరాళ్లను పట్టుకుని పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

వదినగారు అక్వేరియం షాపులో టెస్ట్ కిట్ కొన్నారు. గొట్టంలో నీళ్లు పోసి, చుక్కలు వేసి రంగు చూడడమే. అమ్మోనియా గొట్టం ఆకుపచ్చగా మారింది, అంటే అమ్మోనియా ఉన్నట్టు. కొన్నాళ్లకు మళ్లీ పసుపు రంగుకు వచ్చింది, అంటే పోయినట్టు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. అప్పుడు నైట్రైట్ గొట్టం చూస్తే ఊదారంగు, అంటే ఆ విషం ఇంకా ఉంది! ఆవిడ ఆగారు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కనిపించాకే చేపల కోసం బయల్దేరారు. ఆ ఓపిక నాకు ఎంతో నచ్చింది. చేపపిల్లలు వచ్చేదాకా ఆ చిటికెడు మేత కూడా మానలేదు. మానితే బ్యాక్టీరియాకు తిండి ఉండదు.

ఏ చేప మంచిది? బొచ్చె, రోహు చెరువు చేపలు, తొట్టెకు వద్దు. కొర్రమీను గట్టిదే, కానీ పిల్లల సైజులో తేడా ఉంటే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి. పైగా ఎగిరి దూకుతాయి, వల కప్పాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధం, ఎంత చవకగా ఇచ్చినా తేవద్దు. చేపలు తినని ఇంట్లో గోల్డ్ ఫిష్ హాయి. తినేవాళ్లలో కొత్తవారికి తిలాపియా సులువని నా అభిప్రాయం. అనుమతి ఉన్న హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించి అమ్మే చోట, మోనోసెక్స్ పిల్లలు, అంటే అన్నీ మగవే, అడగండి. లేదంటే తొట్టెలోనే పిల్లలు పెట్టేస్తాయి. హేచరీలు వేలల్లో అమ్ముతాయి కాబట్టి వదినగారు తిలాపియా పెంచే ఒక రైతు దగ్గర కొన్ని ఇప్పించుకున్నారు. వెయ్యి లీటర్లకు 20 కిలోల చేపలు దాటకూడదు. ఆమె తొట్టెకు, ఒక్కొక్కటి అరకిలోకు పెరిగే చేపలు 20, అంతే.

పిల్లల్ని ఆక్సిజన్ నింపిన కవరులో, చల్లని పూట తీసుకురండి. కవరు విప్పకుండా పావుగంట తొట్టెలో తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, తొట్టె నీళ్లు కొద్దికొద్దిగా కవరులో పోయండి. చివరికి చిన్న వలతో పిల్లల్ని మాత్రమే వదలండి. కవరు నీళ్లు బయట పారబోయండి. ఆ రోజు మేత వద్దు. మొదటి వారం రోజూ కిట్‌తో చూడండి. అమ్మోనియా కనిపిస్తే మేత ఆపి, మూడో వంతు నీళ్లు మార్చండి. పోసే కొత్త నీళ్లలోనూ క్లోరిన్ ఉండకూడదు, అందుకే ఒక డ్రమ్ము నీళ్లు ఎప్పుడూ పట్టి ఉంచండి.