మీ ఆఫీసులో లోటస్ నోట్స్ ఇంకా నడుస్తోందా? కంపాక్ట్ కొట్టే ముందు ఈ వీడియో చూడండి

[స్క్రీన్ మీద: నోట్స్ లాగిన్ బాక్స్. పాస్‌వర్డ్ కొడుతుంటే పక్కన బొమ్మలు మారుతున్నాయి]

అందరికీ నమస్తే. ఈ బాక్స్ చూడగానే కొందరికి నవ్వొస్తుంది, ఇంకొందరికి బీపీ పెరుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే ఆ పక్కన బొమ్మలు ఎందుకు మారతాయో చాలామందికి తెలీదు. అదేదో అలంకారం కాదు. ఎవరైనా అచ్చం ఇలాంటి దొంగ బాక్స్ తయారుచేసి మీ పాస్‌వర్డ్ లాగేద్దామనుకుంటే, మీరు రోజూ చూసే బొమ్మ అందులో రాదు, తేడా మీకు అక్కడే తెలిసిపోతుంది. అప్పట్లోనే ఆలోచించి పెట్టారు మరి.

"లోటస్ నోట్స్ ఇంకా ఉందా అండీ?" అంటే, ఉంది. కంపెనీల్లో మెయిల్, రోజువారీ పనుల అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఇది, దాని సర్వర్ పేరు డామినో. పేరులోంచి లోటస్ పోయింది, ఓనర్ మారారు, అంతే. ఈ వీడియో ముఖ్యంగా ఎవరికంటే, సీనియర్ రిజైన్ చేసి వెళ్లిపోతే "ఇకనుంచి డామినో సర్వర్ నువ్వు చూసుకో" అని మేనేజర్ ఎవరి నెత్తిన పెట్టాడో వాళ్లకి. కొత్తవాళ్లు చేసే మొదటి పని గూగుల్‌లో వెతికి దొరికిన కమాండ్లన్నీ కన్సోల్‌లో కొట్టేయడం. వద్దు. ఇందులో ఉన్న ప్రతి టూలూ ఒకే ఒక్క ఆలోచన నుంచి పుట్టింది, అది పట్టుకుంటే ఏ కమాండ్ ఎప్పుడు కొట్టాలో బట్టీ పట్టక్కర్లేదు.

[స్క్రీన్ మీద: టైమ్‌లైన్]

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. రే ఓజీ అనే ఆయన ఇలినాయ్ యూనివర్సిటీలో చదివేటప్పుడు అక్కడి ప్లేటో అనే కంప్యూటర్ సిస్టమ్‌లో నోట్స్ అనే చర్చల ప్రోగ్రాం చూశాడు, 1984లో లోటస్ కంపెనీ డబ్బుతో ఐరిస్ అనే చిన్న కంపెనీ పెట్టి అలాంటిదే పీసీల కోసం మొదలుపెట్టాడు. 1989లో మొదటి వెర్షన్ వచ్చింది, ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిట్ కంపెనీ వాళ్లు ఏకంగా 10,000 కాపీలు కొన్నారు. 1995లో ఐబీఎం 350 కోట్ల డాలర్లు పెట్టి లోటస్‌ని మొత్తంగా కొనేసింది. 1996 చివర్లో సర్వర్‌కి డామినో అని పేరు పెట్టారు. 2018 డిసెంబర్‌లో మన నోయిడా హెచ్‌సీఎల్ 180 కోట్ల డాలర్లకి నోట్స్, డామినోతో పాటు ఇంకొన్ని ఐబీఎం ప్రాడక్టులు కొంటున్నట్టు చెప్పింది, 2019 మధ్యలో చేతులు మారింది. అంటే ఒకప్పుడు మనవాళ్లు కోర్సు నేర్చుకుని అమెరికా క్లయింట్ల దగ్గర సపోర్ట్ చేసిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఇండియా కంపెనీ చేతిలో ఉంది. నాకైతే ఈ ముక్క భలే నచ్చుతుంది.

ఇక అసలు ఆలోచన.

[స్క్రీన్ మీద: ఒకే ఎన్ఎస్ఎఫ్ ఫైలు, దానికి మూడు కాపీలు, మధ్యలో బాణాలు]

నోట్స్‌లో డేటాబేస్ అంటే ఒక ఫైలు. డేటా (ఒక్కో రికార్డుని డాక్యుమెంట్ అంటారు), ఫారాలు, డాక్యుమెంట్ల జాబితాలు చూపించే వ్యూలు, కోడ్, ఎవరికి ఎంత పర్మిషన్ అన్న ఏసీఎల్, అన్నీ ఆ ఒక్క ఎన్ఎస్ఎఫ్ ఫైల్లోనే ఉంటాయి. ఆ ఫైలుకి ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు, ఒకటి హైదరాబాద్ సర్వర్‌లో, ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఒకటి సేల్స్ అబ్బాయి లాప్‌టాప్‌లో. ఇందులో అసలు కాపీ, డూప్లికేట్ కాపీ అని ఉండదు, అన్నీ సమానమే. నెట్ దొరికినప్పుడు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని మారినవి మాత్రం ఇచ్చిపుచ్చుకుంటాయి, దీన్నే రెప్లికేషన్ అంటారు. ఫోన్ లైను మీద మోడెమ్‌తో కనెక్ట్ అయ్యే రోజుల్లో ఇది అద్భుతం. తర్వాత ఐరిస్‌లో పనిచేసిన డేమియన్ కాట్జ్ ఇదే పద్ధతి స్ఫూర్తితో 2005లో కౌచ్‌డీబీ అనే డేటాబేస్ మొదలుపెట్టాడు. ఈ తరం డాక్యుమెంట్ డేటాబేసుల వెనకాల నోట్స్ నీడ ఉందంటే కుర్రాళ్లు నమ్మరు.

సరే, అన్నీ సమానమే అన్నాం కదా, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఒకే డాక్యుమెంటుని ఇద్దరు రెండు కాపీల్లో మారిస్తే ఎవరిది నెగ్గాలి? ఎక్కువమంది "చివర సేవ్ చేసినవాళ్లది" అంటారు. కాదు. ఎక్కువసార్లు ఎడిట్ చేసి సేవ్ చేసినది నెగ్గుతుంది, అది సమానమైతేనే టైము చూస్తుంది. ఓడిపోయింది పోదు, దాని కిందే రెప్లికేషన్ కాన్‌ఫ్లిక్ట్ అని ఇంకో డాక్యుమెంటుగా కూర్చుంటుంది. వ్యూలో అలాంటివి కనపడితే చాలామంది చెత్త అనుకుని డిలీట్ కొట్టేస్తారు, అందులో పొద్దున ఎవరో గంట కష్టపడి ఎక్కించిన వివరాలు ఉండొచ్చు, తెరిచి చూడండి ముందు. ఇద్దరూ వేర్వేరు ఫీల్డులు మార్చినట్టయితే కలిపేసుకునే ఆప్షన్ ఫారం ప్రాపర్టీస్‌లో ఉంది, అది ఆన్ చేయించండి, సగం గొడవ వదిలిపోతుంది.

ఇప్పుడు దయ్యాల సంగతి. అవును, నిజంగా అలాగే పిలుస్తారు.

[స్క్రీన్ మీద: రెప్లికేషన్ సెట్టింగ్స్ బాక్స్, 90 అంకె దగ్గర జూమ్]

మీరు ఒక డాక్యుమెంట్ డిలీట్ చేశారు. మిగతా కాపీలకి ఆ సంగతి ఎలా తెలియాలి? అందుకని నోట్స్ దాని స్థానంలో ఒక చిన్న గుర్తు ఉంచుతుంది, దాన్ని డిలీషన్ స్టబ్ అంటారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో తీరిన పద్దుని చించేయకుండా గీత కొట్టి ఉంచినట్టు. కానీ గీతలు ఎన్నాళ్లని ఉంచుతాం? మామూలుగా 90 రోజులు, ఆ తర్వాత గుర్తు కూడా పోతుంది. ఇప్పుడు ఒక సేల్స్ మేనేజర్ లాప్‌టాప్ బీరువాలో పెట్టి నాలుగు నెలలు ముట్టుకోలేదనుకోండి. ఐదో నెలలో తీసి రెప్లికేట్ కొట్టాడు. అతని దగ్గర పాత డాక్యుమెంట్లు ఉన్నాయి, సర్వర్ దగ్గర అవి డిలీట్ అయ్యాయన్న గుర్తు లేదు. సర్వర్ ఏమనుకుంటుంది? "ఓహో, ఇవి కొత్తవి కాబోలు" అనుకుని అన్నీ తీసేసుకుంటుంది. ఎప్పుడో క్లోజ్ చేసిన ఆర్డర్లు, మానేసిన ఉద్యోగుల రికార్డులు మళ్లీ లేచి కూర్చుంటాయి. యూజర్లు ఫోన్ చేసి "సర్వర్ హ్యాక్ అయింది" అంటారు.

దీనికి మందు 8.5.3 వెర్షన్ నుంచే ఉంది, పర్జ్ ఇంటర్వల్ రెప్లికేషన్ కంట్రోల్ అని, ఆ గడువు కన్నా పాత డాక్యుమెంట్లు లోపలికి రాకుండా ఆపుతుంది. ముఖ్యమైన డేటాబేసులకైనా ఇది ఆన్ చేయండి. ఇంకో మాట, ఆ 90 అంకె పక్కన ఒక టిక్ బాక్స్ ఉంటుంది చూడండి, ఇన్ని రోజులుగా మారని డాక్యుమెంట్లు తీసేయమంటూ. దాన్ని టిక్ చేస్తే స్టబ్‌లు మాత్రమే కాదు పోయేది, డాక్యుమెంట్లే పోతాయి. ముట్టుకోకండి.

[స్క్రీన్ మీద: సర్వర్ కన్సోల్]

కన్సోల్ దగ్గరికి వద్దాం. మూడు పేర్లు రోజూ వింటారు: ఫిక్సప్, అప్‌డాల్, కంపాక్ట్.

అప్‌డాల్ వ్యూల పని చూస్తుంది. రోజూ రాత్రి రెండింటికి సర్వరే దాన్ని నడుపుకుంటుంది. వ్యూలో డాక్యుమెంటు కనపడట్లేదు, సెర్చ్‌లో మాత్రం వస్తోంది అంటే డేటాకి ఏమీ కాలేదు, వ్యూ ఇండెక్స్ పాడైంది, అంతే. ఆ ఒక్క వ్యూలో నిలబడి షిఫ్ట్ ఎఫ్9 కొట్టండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. అవ్వకపోతే అప్‌డాల్ మైనస్ పెద్ద ఆర్ (-R), అదీ ఆ ఒక్క డేటాబేస్ మీదే. సర్వర్ మొత్తం మీద పట్టపగలు కొట్టారంటే ఆఫీసంతా మీ సీటు దగ్గరికి వస్తుంది.

ఫిక్సప్ దగ్గర మాత్రం జాగ్రత్త. పేరు చూసి అన్నీ బాగుచేసేస్తుందనుకుంటాం, కానీ అది బాగుచేయలేని డాక్యుమెంటుని తీసి పారేస్తుంది. ఆలోచిస్తే అందులో లాజిక్ ఉంది, వేరే సర్వర్‌లో మంచి కాపీ ఉంటే రెప్లికేషన్‌లో అది వెనక్కి వచ్చేస్తుంది కదా. కాపీలే లేని డేటాబేస్ అయితే? పోయిందంతే. అందుకని మైనస్ ఎన్ పెట్టి కొట్టండి, అప్పుడు పాడైన డాక్యుమెంట్లని పారేయదు. ట్రాన్సాక్షన్ లాగింగ్ (మార్పులన్నీ విడిగా లాగు ఫైళ్లలో రాసుకునే పద్ధతి) ఆన్‌లో ఉన్న డేటాబేసుల్ని ఫిక్సప్ మామూలుగా ముట్టుకోదు, మైనస్ జే ఇవ్వాలి, ఆ తర్వాత ఫుల్ బ్యాకప్ కూడా తీసుకోవాలి.

ఇక కంపాక్ట్. ఇందులో చిన్న బి, పెద్ద బి, చిన్న సి అని మూడు రకాలు తెలిస్తే చాలు. చిన్న బి ఫైల్లో ఖాళీలు సర్దుతుంది, సైజు తగ్గించదు. పెద్ద బి సైజు కూడా తగ్గిస్తుంది, యూజర్లు పని చేసుకుంటూనే ఉండొచ్చు, కానీ అది నడిచాక ఆ డేటాబేస్‌కి లోపల గుర్తింపు నంబర్ మారిపోతుంది. దాంతో పాత బ్యాకప్‌కి కొత్త లాగులకి లంకె తెగిపోతుంది. అందుకే పెద్ద బి నడిపిన రాత్రే ఫుల్ బ్యాకప్ కూడా పెట్టుకోవాలి, ఈ ముక్క తెలియక రిస్టోర్ రోజున తల పట్టుకునేవాళ్లు ఎందరో. చిన్న సి అంటే ఫైలు మొత్తాన్ని పక్కన కొత్తగా రాసి పాతదాన్ని తీసేయడం, అంత ఖాళీ డిస్క్ ఉందో లేదో ముందు చూసుకోండి. ఇవన్నీ విడివిడిగా షెడ్యూల్ చేసుకునే ఓపిక లేకపోతే తొమ్మిదో వెర్షన్ నుంచి డీబీఎంటీ అనే టూల్ ఉంది, కంపాక్ట్, అప్‌డాల్ రెండూ అదే చూసుకుంటుంది. నా ఓటు దానికే.

అటాచ్‌మెంట్లకి డావోస్ ఉంది, స్విట్జర్లాండ్ ఊరు కాదు, ఫీచర్ పేరు. వందమందికి పంపిన పీడీఎఫ్‌ని డిస్క్ మీద ఒక్కసారే దాస్తుంది. బ్యాకప్‌లో వరస గుర్తుపెట్టుకోండి, ముందు ఎన్ఎస్ఎఫ్‌లు, తర్వాతే డావోస్ ఫోల్డర్. తిరగేస్తే ఈ రెండింటి మధ్యలో వచ్చిన అటాచ్‌మెంట్లకి ఎన్ఎస్ఎఫ్‌లో పేరు ఉంటుంది, ఫైలు ఉండదు.

[స్క్రీన్ మీద: వెర్షన్ల పట్టిక]

అప్‌డేట్లు. 9, 10 వెర్షన్లకి హెచ్‌సీఎల్ సపోర్ట్ 2024 జూన్ 1తో ఆగిపోయింది. "మాది బాగానే నడుస్తోందిగా, ఎందుకు కదపడం" అనేవాళ్లకి ఒక తేదీ చెప్తాను, 2024 డిసెంబర్ 13, శుక్రవారం. ఆ రోజు రీస్టార్ట్ చేసిన డామినో సర్వర్లలో మెయిల్ కదలడం ఆగిపోయింది. ఎవరూ ఏమీ మార్చలేదు, ఎప్పటినుంచో కోడ్‌లో నిద్రపోతున్న తేదీ బగ్ అది. హెచ్‌సీఎల్ హడావిడిగా ఫిక్సులు ఇచ్చింది. కొత్త వెర్షన్ల మీద ఉన్నవాళ్లు ఫిక్స్ వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు, ఎప్పుడో ఆగిపోయిన వెర్షన్ మీద ఉన్నవాళ్ల టెన్షన్ మీరే ఊహించుకోండి.

పదో వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ సైజు పరిమితి 64 జీబీ నుంచి 256 జీబీకి పెరిగింది. సర్వర్ అప్‌గ్రేడ్ చేయగానే ఫైలు దానంతటది మారదు, కొత్త ఫార్మాట్ సెట్టింగ్ పెట్టి ఇందాక చెప్పిన చిన్న సి కంపాక్ట్ కొడితేనే మారుతుంది. పన్నెండులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే వెబ్ సెక్యూరిటీ సర్టిఫికెట్లు సర్వరే తెచ్చుకోవడం మొదలైంది, వెబ్ లాగిన్‌కి ఫోన్ యాప్‌లో వచ్చే కోడ్ కూడా పెట్టుకోవచ్చు. పదమూడు అసలు లేదు, ఎగరేసి 2023 డిసెంబర్‌లో పద్నాలుగు తెచ్చారు. పద్నాలుగులో ఇబ్బంది ఎక్కడంటే, విండోస్ క్లయింట్ 64 బిట్ మాత్రమే. మీ పాత అప్లికేషన్ల లోటస్‌స్క్రిప్ట్‌లో, అంటే నోట్స్ ప్రోగ్రామింగ్ భాషలో, విండోస్ డీఎల్ఎల్‌లని (లైబ్రరీ ఫైళ్లని) నేరుగా పిలిచే డిక్లేర్ లైన్లు ఉంటే అవి మొరాయిస్తాయి. అప్‌గ్రేడ్‌కి ముందే డిజైనర్‌లో డిక్లేర్ అని సెర్చ్ కొట్టి లిస్టు రాసుకోండి.

ఇంకో పాత ఉచ్చు. రాత్రి ఒంటిగంటకి డిజైన్ అనే టాస్క్ నడిచి, టెంప్లేట్‌లో (డేటాబేస్ డిజైన్‌కి అచ్చు లాంటి ఫైల్లో) ఎలా ఉంటే డేటాబేస్‌ని అలా మార్చేస్తుంది. ఎవరో సీనియర్ టెంప్లేట్‌లో కాకుండా డేటాబేస్‌లోనే నేరుగా పెట్టిన బటన్, కొత్త టెంప్లేట్ వేసిన మర్నాడు పొద్దునకి మాయం. "నిన్నటిదాకా ఉంది సార్" అంటారు. నిజమే, ఉంది.

2025 జూన్‌లో 14.5 వచ్చింది, డామినో ఐక్యూ అని సర్వర్ లోపలే ఏఐ మోడల్ నడిపే సౌకర్యంతో. డేటా బయటికి పంపకుండా మెయిల్ సారాంశం లాంటివి చేయించుకోవచ్చు. బ్యాంకుల లాంటి చోట ఇది నిజంగా పనికొస్తుందని నా అభిప్రాయం, కాకపోతే మంచి జీపీయూ లేకుండా వేగం ఆశించకండి. నాకు దానికన్నా నోమాడ్ వెబ్ ఎక్కువ నచ్చింది. పాత నోట్స్ అప్లికేషన్ చాలావరకు తిరగరాసే పని లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ప్రతి పీసీలో క్లయింట్ ఎక్కించే చాకిరీ తప్పుతుంది.

[స్క్రీన్ మీద: కన్సోల్‌లో షో సర్వర్ కమాండ్]

ఇప్పుడు మీ కన్సోల్‌లో షో సర్వర్ అని కొట్టండి, మొదటి లైన్లలోనే వెర్షన్ వస్తుంది. దాంతోపాటు ట్రాన్సాక్షన్ లాగింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది. ఆ రెండూ కామెంట్‌లో రాయండి, సర్వర్ పేరు మాత్రం రాయకండి బాబూ. అప్‌గ్రేడ్ వీడియో ఏ వెర్షన్ నుంచి మొదలుపెట్టాలో వాటిని బట్టి చూస్తాను.