కర్ణాక్ రాతిలో మొలిచిన తుంగ

సభకు నమస్కారం. మ్యూజియం దినోత్సవానికి పిలిచిన మిత్రులకు, వేదిక మీది పెద్దలకు కృతజ్ఞతలు. పిరమిడ్ల గురించి మాట్లాడమన్నారు. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను పూల గురించి, ఆ పూలను రాతిలో చెక్కినవారి గురించి మాట్లాడతాను.

చాలాకాలంగా నాకొక బాధ ఉంది. ఈజిప్టులోని కర్ణాక్ ఆలయ మహామండపంలో మా గైడు 134 స్తంభాలన్నాడు, నడిమివి 21 మీటర్ల ఎత్తన్నాడు, రాజుల పేర్లు చదివాడు, ఇక పదండన్నాడు. అవి మొక్కలన్న మాట మాత్రం చెప్పలేదు. మొక్కలండీ! పపైరస్ మొక్కలు, మన చెరువుగట్ల తుంగకు దగ్గరి చుట్టాలు. నడిమి 12 స్తంభాల తలలు విచ్చిన పూగుత్తులు. పక్కనున్న 122 స్తంభాలవి ముడుచుకున్న మొగ్గలు. పైనున్న రాతి జాలీల వెలుగు నడిమి వాటి మీదే పడేది. సృష్టి మొదట్లో నీటి నుంచి తేలిన దిబ్బ, దాని చుట్టూ చిత్తడి నేల: ప్రాచీన ఈజిప్టువాళ్ల దృష్టిలో ఆలయమంటే అది. దాన్ని మనం ‘అలంకరణ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం.

ఇంకా వెనక్కి రండి. ఈజిప్టులోనే సక్కారా అనే చోట జోసర్ రాజు సమాధి ప్రాంగణం, క్రీ.పూ. 27వ శతాబ్దం. అక్కడ గోడలో కలిసిపోయిన పపైరస్ స్తంభాలున్నాయి. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడంచులు తగులుతాయి. ఆ శిల్పి రాతి కాడకూ అంచు తీశాడు. 4,600 ఏళ్ల కిందట! మొక్కను చేత్తో పట్టుకోనివాడికి అది తోచదు.

కలువ సంగతి చెప్పకుండా ఎలా దిగుతాను? నెబామున్ అనే ఈజిప్టు లేఖకుడి సమాధి చిత్రాలు, క్రీ.పూ. 1350 ప్రాంతానివి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. విందులో స్త్రీలు నీలి కలువలు వాసన చూస్తుంటారు. మన కావ్యాల కలువ చంద్రుడిది. ఈ కలువ పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. అందుకే అది వారికి సూర్యుడి పుట్టుక, చనిపోయినవారు మళ్లీ లేవడం. నీలి కలువ రేకులు మొనదేలి ఉంటాయి, తెల్ల కలువవి గుండ్రంగా ఉంటాయి. గోడ మీద ఆ తేడా చూడండి. అదే మ్యూజియంలో మన అమరావతి శిల్పాలూ ఉన్నాయి. వాటిలో పద్మం పైనుంచి చూసినట్టు నిండుగా విచ్చి ఉంటుంది, ఈజిప్టు కలువ దాదాపు ఎప్పుడూ పక్క నుంచే కనిపిస్తుంది. దాని మీద విడిగా ఒక సభ పెట్టాలి.

డ్రాయింగు మాస్టార్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఈజిప్టు పాఠం వచ్చిన రోజున పిల్లలను చెరువుగట్టుకు తీసుకెళ్లండి. తలా ఒక తుంగ కాడ అడ్డంగా కోయించి, కోసిన ముఖాన్ని గీయించండి. ఆ తర్వాతే జోసర్ స్తంభం ఫొటో చూపించండి. ఫొటోలు నా దగ్గరున్నాయి, సభ అయ్యాక వచ్చి తీసుకోండి.