"అర్థమైందా?" అంటే అందరూ "ఆ" అంటారు

హోస్ట్: రికార్డింగ్ ఆన్ అయింది సిస్టర్. పక్షవాతం వచ్చినవాళ్ల సంగతి చాలాసార్లు మాట్లాడాం, ఇవాళ వాళ్లని ఇంట్లో చూసుకునేవాళ్ల సంగతి. మీరు న్యూరో వార్డులో ఇన్నేళ్లు చేశారు కదా, వాళ్లకి ఏం వచ్చో ఏం రాదో ఎలా కనుక్కుంటారు?

సిస్టర్: నిజం చెప్పాలంటే చాలాసార్లు కనుక్కోం. డిశ్చార్జ్ రోజు ఒకపక్క బిల్లు, ఒకపక్క బయట ఆటో, మేం గబగబా చెప్పేసి "అర్థమైందా అమ్మా" అంటాం, ఆమె "ఆ, అర్థమైంది" అంటది. అంతే.

హోస్ట్: మా అమ్మ కూడా అలాగే అంది.

సిస్టర్: ప్రశ్నలిస్తే ఇంకా బాగా చెప్తారు. ఎన్ని గంటలకోసారి పక్క మార్చాలి? రెండు గంటలకి. కరెక్టే. ఏదీ మార్చి చూపించమ్మా అంటే ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగుతారు. భుజం కండరాల్లో పట్టు ఉండదు కదండీ, లాగితే కీలు కిందికి జారుద్ది, ఇక నెలల తరబడి నొప్పి. భుజం వెనకొక చెయ్యి, తుంటి దగ్గరొక చెయ్యి వేసి దొర్లించాలి.

హోస్ట్: అయ్యో... మేం నాన్నని రెండు చేతులూ పట్టుకుని "ఊఁ లే, లే" అని లేపేవాళ్లం, ఆయనేమో అరిచేవాడు, మాట రాదు కదా, చిరాకనుకున్నాం.

సిస్టర్: నొప్పి అయ్యుండొచ్చు. అందుకే నేను అడగటం మానేసి, గిన్నె, స్పూను చేతికిచ్చి పక్కన నిలబడతా. జావ జాగ్రత్తగానే పెడతారు, చివర్లో మాత్రం పడుకోబెట్టి గ్లాసుతో నీళ్లు పోసేస్తారు. నీళ్లే కదా అని. మింగటం దెబ్బతిన్నవాళ్లకి ఆ పల్చటి నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఒక్కోసారి దగ్గు కూడా రాదు, తర్వాత న్యుమోనియా. నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి, దవడలో ముద్ద మిగిలిందేమో చూడాలి.

హోస్ట్: మరి ఇంటివాళ్లకి బాగా నేర్పితే సరిపోద్దా?

సిస్టర్: 2017లో అటెండ్ అని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది మీద చేసిన ట్రయల్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంటివాళ్లకి నేర్పి వాళ్ల చేతే రిహాబ్, అంటే మళ్లీ కోలుకోవటానికి చేయించే ఎక్సర్‌సైజులూ అవీ, చేయించారు, ఆరు నెలలకి చూస్తే మామూలు వైద్యానికీ దీనికీ తేడా లేదు. అంటే ఎక్సర్‌సైజులు ఇంటివాళ్ల మీదికి తోసేసి మనం తప్పుకోకూడదని నేను అనుకుంటా. పడక పుండు రాకుండా చూడటం, సరిగ్గా తినిపించటం వేరే సంగతి, అవి ఎలాగూ ఇంటివాళ్లే చెయ్యాలి.

ఇంకోటి, మేం కూర్చోబెట్టి చెప్పేది కొడుక్కి. డబ్బు కట్టేది ఆయన కదా, తలూపుతాడు. ఇంటికెళ్లాక చేసేది భార్యో కోడలో, లేదంటే పెట్టుకున్న ఆయా. పరీక్ష ఒకరికి, పని ఇంకొకరిది!

హోస్ట్: మా ఇంట్లో తలూపింది నేనే సిస్టర్.

సిస్టర్: అమ్మగారున్నారా? పిలవండి, ఒకసారి పక్క మార్చి చూపించమనండి. కెమెరా అటు తిప్పండి.

హోస్ట్: అమ్మా, ఇటురా. ...రోజూ చేసేదేగా, ఇప్పుడు చూసేదేముంది అంటోంది. వస్తోంది, వస్తోంది, ఒక్క నిమిషం.