మూసీలో పారుతున్నది ఎవరి నీరు?

సభకు నమస్కారం.

మూసీ ప్రస్తావన వస్తే 1908 సెప్టెంబరు 28 నాటి వరదతో మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. ఆనాడు ఆసుపత్రి తోటలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉంది. నేను మాత్రం ఆ వరద తరువాత జరిగిన పనుల గురించి మాట్లాడదలచాను.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలననుసరించి మూసీపై గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. అవి వరదను అదుపు చేశాయి, నగరం దాహం తీర్చాయి. అయితే అనంతగిరి కొండల నుంచి వచ్చే నీరు గండిపేట దగ్గరే ఆగిపోవడంతో, దిగువన ఏడాదిలో ఎక్కువ కాలం నదికి సొంత నీరంటూ లేకుండా పోయింది. ఆ ఖాళీని నాలాల మురుగు నింపింది. ఇప్పుడు నగరంలో మూసీకి మిగిలినవి రెండే: రోజూ మనం వదిలే మురుగు, గేట్లు ఎత్తినప్పుడు వచ్చే వరద.

నీరు పారని నదీగర్భం జాగాగానే కనిపిస్తుంది. పనికి దగ్గరగా, తక్కువ అద్దెకు ఇల్లు కావలసినవారు చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో స్థిరపడ్డారు. 2024లో అధికారులు ఆ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. అంటే నదీగర్భంలోని ఇల్లని గుర్తు. ఆక్రమణ అనగానే మన చూపు ఆ రేకుల ఇళ్ల మీదికే పోతుంది గానీ, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ కూడా నది నడుమనే ఉందన్న సంగతి, 2025 సెప్టెంబరులో ప్రయాణికులు నీళ్లలో చిక్కుకునేదాకా, ఎవరికీ పెద్దగా పట్టలేదు. దాని గోడ మీద మాత్రం ఎవరూ ఎర్ర రంగు పూయలేదు.

నగరం దాటాక ఆ మురుగే సేద్యపు నీరు. పీర్జాదిగూడ వైపు పాడి పశువులకు వేసే గడ్డి దానితోనే పెరిగింది. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలైన కత్వల దగ్గర నురగ తేలుతూ ఉంటుంది. దిగువ రైతుకు వేరే నీరు లేదు కనుక అతణ్ణి తప్పుపట్టలేం.

జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవోలోని ఆంక్షలను తొలగిస్తూ 2022లో ప్రభుత్వం మరో జీవో ఇచ్చింది. ఎగువన కాంక్రీటు పెరిగే కొద్దీ వాన నీరు భూమిలో ఇంకక ఒక్కసారిగా జలాశయానికి చేరుతుంది, గేట్లు తొందరగా ఎత్తవలసి వస్తుంది. కాబట్టి తీరం వెంట నడకదారుల నమూనాలు గీసే ముందు, వేసవిలో జలాశయాల నుంచి నదికి నెలకు ఎంత నీరు వదులుతారో, గేట్లు ఎత్తడానికి ఎన్ని గంటల ముందు బస్తీలకు కబురు చేరుతుందో ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను.