షాంపేన్‌-అర్బానాలో రెండు రోజులు: హోటల్ నుంచి ఎటు వెళ్లాలి, ఏం చూడాలి

[దృశ్యం: పై నుంచి ఊరు. చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు, మధ్యలో క్యాంపస్.]

పిల్లల్ని దిగబెట్టడానికో, స్నాతకోత్సవానికో ఇలినాయ్ యూనివర్సిటీకి వచ్చే తల్లిదండ్రుల చేతిలో మహా అయితే రెండు రోజులుంటాయి. షాంపేన్, అర్బానా జంట ఊళ్లు. క్యాంపస్ రెండింటి మధ్యా పరుచుకుని ఉంది. ఇక్కడ హోటల్ ఎక్కడ తీసుకున్నారన్న దాన్ని బట్టే మీ తిరుగుడంతా ఉంటుంది.

[దృశ్యం: మ్యాప్. ఐ-74 హైవే, నీల్ స్ట్రీట్, గ్రీన్ స్ట్రీట్.]

చవక హోటళ్లు ఎక్కువగా ఉత్తరాన, ఐ-74 హైవే పక్కన నీల్ స్ట్రీట్ దగ్గర ఉంటాయి. మ్యాప్‌లో క్యాంపస్ పక్కనే అన్నట్టుంటుంది గానీ నడిచే దారి కాదది. కారు లేకపోతే గ్రీన్ స్ట్రీట్ చుట్టుపక్కలే గది చూసుకోండి. స్టూడెంట్ యూనియన్ భవనంలోనే, అంటే ఇలినీ యూనియన్‌లో, హోటల్ గదులున్నాయి. తలుపు తీస్తే మెయిన్ క్వాడ్, అంటే క్యాంపస్ నడుమ ఉన్న పెద్ద పచ్చిక మైదానం. అయితే మే నెల స్నాతకోత్సవానికి, శరదృతువులో ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాలకు ఊళ్లో గదులు నెలల ముందే అయిపోతాయి. మిగిలినవాటి ధర అమాంతం పెరుగుతుంది, రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వని హోటళ్లూ ఉంటాయి. తేదీ తెలిసిన రోజే బుక్ చేయండి.

సిటీ బస్సు టికెట్టు 1 డాలరు. చిల్లర సరిగ్గా పెట్టుకోండి. క్యాంపస్‌లో ‘ఐస్టాప్’ అని రాసి ఉన్న స్టాపుల్లో ఎక్కితే టికెట్టే అక్కర్లేదు. వేసవి సెలవుల్లో బస్సులు తగ్గిపోతాయి, పిల్లలు చెప్పిన పాత టైములు నమ్ముకోవద్దు.

[దృశ్యం: ఆల్మా మేటర్ విగ్రహం, ముందు గౌన్లలో విద్యార్థులు.]

మొదటి రోజు నడకే. గ్రీన్, రైట్ వీధుల కూడలిలో చేతులు చాచి నిలబడ్డ కంచు విగ్రహం ఆల్మా మేటర్. శిల్పి లొరాడో టాఫ్ట్, ఆవిష్కరణ 1929లో. 2012లో బాగుచేయడానికి తీసుకెళ్లి 2014లో తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మే నెలలో ఫొటోల కోసం ఇక్కడ వరుస కడతారు. పొద్దున్నే ఏడింటికి వెళ్తే మీ ఫొటోలో వేరే కుటుంబం ఉండదు.

క్వాడ్ దక్షిణపు కొసన గుమ్మటంతో కనబడేది ఫోలింజర్ ఆడిటోరియం, 1907 నాటిది. దాన్ని దాటి ఇంకాస్త దక్షిణానికి నడవండి. ఈ ఊళ్లో ఒక్కటే చూడాలంటే మా ఓటు అక్కడున్న దానికే, చాలామంది అటు చూడకుండా వెళ్లిపోయేదీ దాన్నే.

[దృశ్యం: భవనాల మధ్య చిన్న మొక్కజొన్న చేను.]

దీని పేరు మారో ప్లాట్స్. అమెరికాలో ఇంకా నడుస్తున్న ప్రయోగాత్మక పొలాల్లో అన్నిటికన్నా పాతది, 1876లో మొదలైంది. ఇప్పుడు మిగిలినవి మూడు మడులు. ఒకదాంట్లో ఏటా మొక్కజొన్నే. ఇంకోదాంట్లో ఒక ఏడు మొక్కజొన్న, మరో ఏడు సోయా. మూడోదాంట్లో మొక్కజొన్న, ఓట్స్, పశుగ్రాసం వంతులవారీగా వేస్తారు. ఎరువు వేసిన భాగాలు, అస్సలు వేయని భాగాలు పక్కపక్కనే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో వెళ్తే పైరు ఎత్తులో తేడా గట్టు మీద నుంచే తెలుస్తుంది. చలికాలంలో ఉత్త మట్టే. మడుల్లోకి దిగొద్దు, ప్రయోగం నడుస్తూనే ఉంది.

మట్టి మన నల్లరేగడిలాగే కనిపిస్తుంది, కానీ నలుపుకు కారణం వేరు. ఇక్కడ వేల ఏళ్లుగా పెరిగి చచ్చిన గడ్డి వేళ్ల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం వల్ల ఆ రంగు. మన రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ, సేంద్రియం తక్కువ. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లు వెంట ఉంటే ఇక్కడ అరగంట తేలిగ్గా గడిచిపోతుంది.

[దృశ్యం: పక్కనే నేలమట్టానికి కిందున్న భవనం, మధ్యలో పల్లపు ఆవరణ.]

పక్కనున్నది 2022 దాకా నడిచిన అండర్‌గ్రాడ్యుయేట్ లైబ్రరీ భవనం, 1969లో నేల కింద కట్టారు. పైకి లేపితే నీడ పడి చేను ప్రయోగం చెడుతుందని.

మధ్యాహ్నం ఎండైనా, వానైనా స్పర్‌లాక్ మ్యూజియం. ప్రపంచ సంస్కృతుల వస్తువులుంటాయి, ప్రవేశం ఉచితం, సోమవారం మూత. పక్క వీధిలోనే క్రానర్ట్ సెంటర్. ఆ రాత్రి కచేరీ ఏదైనా ఉందేమో చూడండి. శనివారమైతే ముందుగా అర్బానా రైతుబజారు: మే నుంచి అక్టోబరు దాకా, ఉదయం ఏడు నుంచి పన్నెండు వరకు. జులైలో లేత స్వీట్ కార్న్ దొరుకుతుంది.

[దృశ్యం: రెండు వరుసల నీలి సింహపు బొమ్మలు, చుట్టూ చెట్లు.]

రెండో రోజుకు కారు కావాలి. ఆలర్టన్ పార్క్ ఇక్కడికి సుమారు 25 మైళ్లు, మాంటిచెల్లో ఊరి దగ్గర. రాబర్ట్ ఆలర్టన్ అనే ధనికుడు తన ఎస్టేటును 1946లో యూనివర్సిటీకి రాసిచ్చాడు. ప్రవేశం ఉచితం. దాదాపు 1,500 ఎకరాల అడవి, తోటలు, శిల్పాలు. నీలి పింగాణీ ‘ఫూ డాగ్’ బొమ్మలు, అంటే చైనా తరహా కాపలా సింహాలు, 22 ఉన్నాయి, పిల్లలు లెక్కపెట్టనిదే కదలరు. కార్ల్ మిల్లెస్ చెక్కిన సన్ సింగర్ విగ్రహం మాత్రం భవంతికి దూరం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను నడిపించకండి, దాని దగ్గరికే కారులో వెళ్లొచ్చు.

ఇక్కడ తప్పులు జరిగేది రెండు చోట్ల. ఒకటి, ట్యాక్సీలో వెళ్లడం: పోవడానికి దొరుకుతుంది, తిరిగి రావడానికి దొరకదు. సిటీ బస్సు అక్కడిదాకా పోదు. రెండోది, చీరల్లో, చెప్పులతో అడవి బాటల్లోకి దిగడం. వేసవిలో గడ్డిలో టిక్ అనే రక్తం పీల్చే పురుగులుంటాయి. నిండు ప్యాంటు, సాక్స్, బూట్లు వేసుకుని బాట మధ్యలోనే నడవండి, గదికి రాగానే మోకాళ్ల వెనుక, మెడ దగ్గర చూసుకోండి. వసంతంలో సాంగమన్ నది పొంగితే ఒడ్డు పక్క బాటలు మునుగుతాయి.

కారు లేదా? అర్బానాలోనే మెడోబ్రూక్ పార్క్ ఉంది. ఒకప్పుడు ఈ నేలంతా కప్పిన ప్రెయిరీ గడ్డిని మళ్లీ పెంచారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మనిషిని మించి పెరుగుతుంది. సిమెంటు బాట కాబట్టి వీల్‌ఛెయిర్‌కూ ఇబ్బంది ఉండదు.

[దృశ్యం: షాంపేన్ రైల్వే స్టేషన్, ప్లాట్‌ఫామ్ మీద సామాన్లు.]

షికాగో నుంచి ఆమ్‌ట్రాక్ రైలు రెండున్నర, మూడు గంటలు. పట్టాలు గూడ్సు రైళ్ల కంపెనీవి, అందుకని ఆలస్యాలు మామూలే. తిరుగు ప్రయాణం రోజే విమానముంటే కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి. ఇక్కడి నుంచి ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో చదివే బంధువుల దగ్గరికి వెళ్తుంటే గుర్తుంచుకోండి, ఇండియానా సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది.

చివరగా, నెలలో మొదటి మంగళవారం ఉదయం పదింటికి ఊరంతా సైరన్లు మోగితే బెదరకండి, అది టోర్నడో హెచ్చరికల పరీక్ష. వేరే ఏ రోజు మోగినా లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా కింది అంతస్తుకు, కిటికీలు లేని చోటికి వెళ్లండి.